బొంత, రజాయి, బ్లాంకెట్: తడిపే ముందు అది ఎలా ఆరుతుందో చూసుకోండి

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. 7 కిలోల ఫ్రంట్‌లోడ్ మెషిన్ ఉంది. డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి ఓనర్ ఆదివారం మాత్రమే ఒప్పుకుంటారు. ఐదేళ్ల బాబుకి డస్ట్ అలర్జీ ఉంది, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతకమని డాక్టర్ చెప్పారు. ఇంట్లో ఒక డబుల్ మింక్ బ్లాంకెట్, అత్తగారు పెట్టిన దూది రజాయి, అమ్మమ్మ కుట్టిన బొంత, రెండు బూరుగు దూది దిండ్లు ఉన్నాయి. పోయిన వానాకాలంలో బాబు పక్క తడిపితే రజాయిని మెషిన్‌లో వేశారు. దూది ఉండలు కట్టింది, వాసన ఇప్పటికీ పోలేదు. వీటన్నిటినీ ఇంట్లోనే ఉతుక్కోవడం ఎలా అని మీ ప్రశ్న.

నేను హన్మకొండలో 19 ఏళ్లుగా లాండ్రీ నడుపుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఒక హోటల్ లాండ్రీలో పనిచేశాను. నా దగ్గరికి పాడైపోయి వచ్చే పక్కబట్టల్లో చాలావరకు ఉతకడంలో పాడైనవి కావు. ఆరకపోవడం వల్ల పాడైనవి. అందుకే ఎవరడిగినా నేను ముందు అడిగేది సబ్బు గురించి కాదు. మీకు ఎండ ఎన్ని గంటలు పడుతుంది, గాలి ఆడుతుందా, తడిసిన బరువును మోసే దండెం ఉందా అని అడుగుతాను. ఈ మూడూ కుదిరే రోజు దొరికేదాకా నీళ్లలో ముంచకండి. మీకు ఆదివారం ఒక్కటే దొరుకుతుంది కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. ఒక ఆదివారం ఒక్క బరువైన వస్తువే ఉతకాలి, రెండోది ముట్టుకోవద్దు.

కాలం మాత్రం మీకు కలిసొచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఇప్పటి నుంచి ఉగాది దాకా, ఇంకా ఆ తర్వాత మృగశిర కార్తె వచ్చి వానలు మొదలయ్యేదాకా, పక్కబట్టలు ఉతకడానికి ఇంతకన్నా మంచి రోజులు ఉండవు. మార్చిలో హైదరాబాద్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దగ్గర్లో ఉంటుంది. జులై, ఆగస్టుల్లో అది రెట్టింపు దాటిపోతుంది. అదే బొంత, అదే దండెం, కానీ మార్చిలో సాయంత్రానికి ఆరేది ఆగస్టులో మూడో రోజుకి కూడా ఆరదు. విశాఖలో ఉండే మా అక్క వాళ్లింట్లో ఎండ చుర్రుమంటున్నా దుప్పట్లు తొందరగా ఆరవు, ఎందుకంటే సముద్రం పక్కన గాలే తడిగా ఉంటుంది. ఎండ వేడి ఎంత ముఖ్యమో గాలి పొడిగా ఉండడం అంతే ముఖ్యం. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా తేమ శాతం కూడా చూడండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం. రజాయితో మొదలుపెడతాను, మీ బాధ అంతా దాని గురించే కదా.

దూది రజాయిని నీళ్లలో వేయకూడదు. మెషిన్‌లోనైనా, బకెట్‌లోనైనా, ఎంత మంచి సబ్బుతోనైనా సరే. కారణం ఇది. రజాయిలో దూదిని ఏకి, పొరలు పొరలుగా పరిచి, పైన గుడ్డ వేసి దూరం దూరంగా కుట్లు వేస్తారు. ఆ పొరల మధ్య ఉన్న గాలే మనకు వెచ్చదనం. తడిసినప్పుడు ఆ పొరలు కుంగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. డ్రమ్ తిరిగేకొద్దీ కుట్టు లేని చోట్ల నుంచి దూది జారి మూలలకు చేరుతుంది. పైగుడ్డ రెండు గంటల్లో ఆరిపోతుంది. లోపలి ఉండ మాత్రం తడిగానే ఉంటుంది. మనం పైన చేయి పెట్టి ఆరిందనుకుని మడత పెడతాం.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. షాపు పెట్టిన మొదటి ఏడాది ఆషాఢంలో ఒకాయన పెళ్లినాటి రజాయి తెచ్చి ఉతకమన్నారు. వద్దని చెప్పాల్సింది, చెప్పలేదు. ఉతికి మూడు రోజులు ఆరేసి, ఇస్త్రీ కూడా చేసి ఇచ్చాను. నాలుగో రోజు ఆయన దాన్ని తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒక పక్క కుట్టు విప్పి చూశాను. లోపల దూది పిడికిలంత ముద్దలుగా అయిపోయి ఉంది. పైన తెల్లగా ఉన్న ముద్దను రెండుగా చీలిస్తే మధ్యలో బూడిద రంగు, దానిలో ఆవగింజల్లా నల్లటి బూజు చుక్కలు. చేతికి చల్లగా తగిలింది, నాలుగు రోజుల తర్వాత కూడా. కొత్త దూది కొని, ఏకించి, ఆయన పైగుడ్డలోనే నింపించి ఇచ్చాను. ఆ ముద్ద చల్లదనం నాకు ఇప్పటికీ చేతిలో గుర్తుంది. అప్పటి నుంచి దూది రజాయి వస్తే ఉతకను.

మీ రజాయిలో కూడా ఇదే జరిగి ఉంటుంది. వాసన పోకపోవడానికి కారణం లోపల బూజు ఉండడమే. దాని మీద సెంటు కొట్టినా, ఎన్ని ఎండల్లో వేసినా పూర్తిగా పోదు. అలర్జీ ఉన్న పిల్లాడి గదిలో దాన్ని అసలు ఉంచకండి. ఒక పక్క కుట్టు విప్పండి. దూది మొత్తం బయటికి తీసి పాత చీర మీద పరవండి. ఈ పని డాబా మీదే చేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, బాబుని దగ్గరికి రానివ్వకండి. మచ్చలు, నల్ల చుక్కలు ఉన్న దూదిని మొహమాటం లేకుండా పారేయండి. మిగిలినదాన్ని రెండు మూడు మంచి ఎండల్లో పరిచి, మధ్యమధ్య చేత్తో విప్పుతూ ఉండండి. ఆ తర్వాత దూది ఏకే షాపుకి తీసుకెళ్లండి. ఒకప్పుడు దూదేకుల వాళ్లు విల్లు భుజాన వేసుకుని వీధి వీధికీ వచ్చేవారు. ఆ నారి టంగ్ టంగ్‌మని మోగుతుంటే మా వాకిట్లో దూది మంచులా ఎగిరేది. ఇప్పుడు మెషిన్ మీద ఏకుతున్నారు, పరుపులు కుట్టే చోట అడిగితే చేస్తారు. తక్కువైన దూది మీ ముందే కలిపించుకోండి. పైగుడ్డను విడిగా వేడినీళ్లలో ఉతికి, బాగా ఆరాక ఇవ్వండి. కుట్టించేటప్పుడే దానికి పైన జిప్పుతో ఒక విడి కవర్ కుట్టించుకుంటే ఇకముందు ఆ కవర్ ఒక్కటీ ఉతికితే సరిపోతుంది. అత్తగారు పెట్టిన వస్తువు అలాగే నిలబడుతుంది.

ఇకముందు రజాయి మీద బాబు పక్క తడిపితే వెంటనే పాత తువ్వాలు వేసి గట్టిగా అదిమి తడి పీల్చండి. రుద్దకండి. రుద్దితే తడి లోపలికి దిగుతుంది. చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఆ మచ్చ వరకే రెండు మూడు సార్లు అద్ది, మళ్లీ పొడి తువ్వాలుతో అదమండి. తర్వాత ఫ్యాన్, మర్నాడు ఎండ. వేడినీళ్లు మాత్రం వద్దు. మూత్రం, పాలు, నెత్తురు లాంటివి వేడి తగిలితే గుడ్డను పట్టుకుని వదలవు. వీటికి ఎప్పుడూ ముందు చన్నీళ్లే.

బూరుగు దూది దిండ్లు కూడా తడపకూడనివే. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనం పొర ఉంటుంది. నీళ్లలో తేలుతుంది. అందుకే ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లలో దీన్ని నింపేవారు. నీళ్లు పోగులోకి దిగవు కానీ పోగుల మధ్య చిక్కుకుపోతాయి. తడి మీద నలిపితే ముద్దవుతుంది, ఆరాక మళ్లీ ఉబ్బదు. బూరుగు దూదిని సంచిలోకి మార్చి, మూతి కట్టి ఎండబెట్టండి. విడిగా పరిస్తే గాలికి ఎగిరిపోయి పక్కింటివాళ్లు గొడవకొస్తారు. దిండు గుడ్డ ఉతికి మళ్లీ నింపుకోవచ్చు. కానీ బాబు కోసం మాత్రం ఉతకడానికి వీలైన ఫైబర్ దిండు ఒకటి కొనమని నా సలహా. కొనేటప్పుడు లేబుల్ మీద నీళ్ల తొట్టి బొమ్మ, దానిలో 60 అని ఉందేమో చూడండి. అలాంటి దిండ్లు మెషిన్‌లో ఎప్పుడూ రెండు కలిపి వేయాలి. ఒక్కటే వేస్తే డ్రమ్ ఒక పక్కకు ఒరిగి మెషిన్ ఎగురుతుంది.

డాక్టర్ చెప్పిన వేడినీళ్ల గురించి ఇక్కడే చెబుతాను. డస్ట్ మైట్లు కంటికి కనపడనంత చిన్న పురుగులు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి విసర్జన. చన్నీళ్లలో ఉతికినా ఆ విసర్జన చాలావరకు పోతుంది. కానీ పురుగులు చావాలంటే నీళ్లు 55 నుంచి 60 డిగ్రీలు ఉండాలి. మీ ఫ్రంట్‌లోడ్‌లో హీటర్ ఉంటే 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రామ్ వాడండి. దుప్పట్లు, దిండు గలీబులు, బొంత మీద వేసే కవర్లు వారానికి ఒకసారి అందులో వేయండి. రోజూ ఒంటికి తగిలేవి ఇవే కాబట్టి బాబుకి ఎక్కువ మేలు చేసేది ఈ వారం వారం ఉతుకే. యాంటీసెప్టిక్ లిక్విడ్ మూతల కొద్దీ పోయాల్సిన పనేమీ లేదు. బాబు పక్కలో పెట్టుకునే మెత్తటి బొమ్మలు వేడినీళ్లు తట్టుకోవు. వాటిని ప్లాస్టిక్ కవర్లో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్లో పెట్టి, తర్వాత చన్నీళ్లలో ఉతికితే సరిపోతుంది.

ఇక బొంత. నాకు ఇష్టమైనది ఇదే. ఇంట్లో చక్కగా ఉతుక్కోగలిగేది కూడా ఇదే. లోపల దూది ఉండదు కదా, అన్నీ పాత చీరలే, ఐదారు వరసలు, అడుగడుగునా చేతికుట్టు. పొర జరగదు, ఉండ కట్టదు. ఉతికే ముందు మంచం మీద పరిచి వేలితో కుట్టు వెంబడి చూసుకుంటూ రండి. ఊడిన చోట నాలుగు కుట్లు వేయండి, లేకపోతే ఊడిన చోటే చిరుగుతుంది. తర్వాత రంగు పరీక్ష చేయాలి. తెల్లగుడ్డను వేడినీళ్లలో ముంచి, ఎర్ర చీర ముక్క మీద, మెరూన్ ముక్క మీద నిమిషం సేపు గట్టిగా అదిమి చూడండి. రంగు అంటితే వేడినీళ్లు వద్దు, చన్నీళ్లే వాడండి. అంటకపోతే చేయి పెట్టలేనంత వేడినీళ్లలో అరగంట నానబెట్టొచ్చు.

దీన్ని మెషిన్‌లో ఉతకకండి. అమ్మమ్మ చేతికుట్టు డ్రమ్‌లో గంటన్నర పల్టీలకు తట్టుకోదు. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, లిక్విడ్ డిటర్జెంట్ మామూలుగా వేసే దానిలో సగం కలిపి, బొంతను ముంచి నాననివ్వండి. నీళ్లు గోరువెచ్చగా అయ్యాక కాళ్లు కడుక్కుని టబ్బులో దిగి తొక్కండి. ఐదు నిమిషాలు తొక్కి, తిప్పి మళ్లీ ఐదు నిమిషాలు. మొదటి నీళ్లు టీ రంగులోకి మారతాయి, కంగారు పడకండి. పారబోసి మళ్లీ మంచినీళ్లలో జాడించండి. రెండో జాడింపులో గుప్పెడు బొంతను పట్టి పిండి చూడండి, నురగ వస్తే ఇంకా సబ్బు ఉన్నట్టే. హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి, సబ్బు త్వరగా వదలదు. చివరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపితే ఆ బిరుసు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: బ్లీచ్ వాడిన నీళ్లలో వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో అది చాలా ప్రమాదం.

పిండొద్దు. ఇద్దరు రెండు కొసలు పట్టి మెలితిప్పి పిండడం మనకు అలవాటు, బొంతకు అదే చేటు. తడిసిన దారం మెలికకు పుటుక్కున తెగుతుంది. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ బోర్లించి, దాని మీద బొంతను చుట్టగా చుట్టి పెట్టి అరగంట వదిలేయండి. నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. మధ్యలో రెండుసార్లు మోకాళ్లతో అదమండి. తర్వాత మెషిన్‌లో స్పిన్ మాత్రమే పెట్టండి, 600 నుంచి 800 చుట్లకు మించొద్దు. డ్రమ్ చుట్టూ వలయంలా సర్దండి, ఒక ముద్దగా పడేయకండి.

ఇక్కడ నా దగ్గర ఉన్న ఒక చిన్న పనిముట్టు గురించి చెప్పాలి. ఊళ్లకు వెళ్లేటప్పుడు సూట్‌కేసు వేలాడదీసి తూకం చూసే చిన్న తూకపు మెషిన్ ఉంటుంది కదా, అది. ఉతికే ముందు పొడి బొంతను చీరలో మూటకట్టి తూకం వేసి గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి. పోయిన నెల మా ఇంటి బొంత 2 కిలోల 600 గ్రాములు వచ్చింది. స్పిన్ అయ్యాక తూస్తే 4 కిలోల 300. అంటే కిలో 700 గ్రాముల నీళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి, ఎండ ఆ రోజు చేయాల్సిన పని అదీ. మధ్యాహ్నం రెండింటికి చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా, వేడిగా ఉంది. ఎవరైనా ఆరిందనే అంటారు. తూకం 2 కిలోల 900 చూపించింది. ఇంకా 300 గ్రాముల నీళ్లు, చిన్న గ్లాసుడు కన్నా ఎక్కువే. తిరగేసి ఇంకో రెండు గంటలు ఉంచితే 2 కిలోల 600కి వచ్చింది. ఎండ వేడికి చెయ్యి మోసపోతుంది, తూకం మోసపోదు. తూకం లేకపోతే లోపలికి తెచ్చి గంటసేపు నీడలో చల్లారనిచ్చి, దళసరి చోట మడత పెట్టి చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే.

ఆరేయడంలో ఎక్కువ మంది చేసే తప్పు ఒకే దండెం మీద నడుమకు మడిచి వేయడం. రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుని లోపలివైపు గాలే తగలదు. మూరెడు దూరంలో రెండు దండేలు పక్కపక్కన కట్టి, వాటి మీదుగా గుడారంలా వేయండి. కింద నుంచి గాలి దూరుతుంది. నులక మంచమో నవారు మంచమో దొరికితే ఇంకా మంచిది, పరిస్తే పైన ఎండ, కింద గాలి. దండేనికి నైలాన్ తాడు వాడండి, ఇనుప తీగ వాడితే తుప్పు మరక పడుతుంది, అది పోదు. పిట్టగోడ మీద నేరుగా వేయొద్దు, దుమ్ముతో పాటు పావురాల రెట్ట అంటుకుంటుంది. హైదరాబాద్‌లో పావురాల బెడద నేను చెప్పక్కర్లేదు. అలర్జీ ఉన్న పిల్లాడికి అది అసలు మంచిది కాదు. ముదురు రంగు వైపు లోపలికి తిప్పి వేయండి, వెలవకుండా ఉంటుంది. గంటకోసారి తిప్పుతూ ఉండండి.

సమయం ఇలా చూసుకోండి. ఆదివారం ఉదయం ఆరింటికి నానబెట్టడం, ఏడున్నరకు జాడింపులు అయిపోవడం, ఎనిమిదిన్నరకు స్పిన్, తొమ్మిదింటికి దండెం మీదికి. నాలుగున్నరకు లోపలికి తెచ్చేయాలి. ఎండ వాలాక గాలిలో తేమ పెరుగుతుంది, ఆరిన గుడ్డ దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. రాత్రంతా నానబెడితే బాగా వదులుతుందని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. రంగులు కలుస్తాయి, వాసన మొదలవుతుంది.

మింక్ బ్లాంకెట్ ఉతకడం తేలిక, మోయడం కష్టం. అది సింథటిక్ పోగు. కాటన్ పోగు గాలిలో ఊరికే ఉన్నప్పుడే తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. బ్లాంకెట్‌లో నీళ్లు పోగుల మధ్య నిలుస్తాయి అంతే, కారిపోయాక చకచకా ఆరిపోతుంది. అయితే మీ 7 కిలోల మెషిన్ లెక్క తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఆ 7 కిలోలు పొడి కాటన్ బట్టలకు, కాటన్ ప్రోగ్రామ్‌లో. మాన్యువల్ తీసి చూడండి, సింథటిక్, డెలికేట్ ప్రోగ్రామ్‌లకు అందులో సగమో ఇంకా తక్కువో రాసి ఉంటుంది. డబుల్ ప్లై డబుల్ బ్లాంకెట్ నాలుగు కిలోలు దాటడం మామూలే. పొడి బ్లాంకెట్‌ను కుక్కకుండా డ్రమ్‌లో పెట్టి చూడండి. పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత చోటు మిగిలితే వేయొచ్చు. మిగలకపోతే వేయొద్దు. నీళ్లు లోపలికి చేరవు, మధ్యలో పొడిగా ఉండిపోతుంది, స్పిన్‌లో ఒక పక్కకు చేరి మెషిన్ గోడకు గుద్దుకుంటుంది. అప్పుడు బొంతలాగే టబ్బులో తొక్కండి, లేదా పెద్ద మెషిన్లు ఉన్న లాండ్రీకి ఇవ్వండి. దీనికి డబ్బు ఖర్చు పెట్టడం తప్పు కాదు, మెషిన్ బేరింగులు పోతే అయ్యే ఖర్చు ఎక్కువ.

మెషిన్‌లో పడితే నీళ్ల వేడి 30 డిగ్రీలు, స్పిన్ 400 నుంచి 600, జాడింపు ఒకటి అదనంగా పెట్టుకోండి. వేడి ఎక్కువైతే ఆ మెత్తటి నూగు ముడుచుకుపోయి గరుకవుతుంది, మళ్లీ రాదు. ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ కూడా వద్దు, నూగుకు పూత పట్టి అణిగిపోతుంది. ఆరాక మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకు దువ్వితే మళ్లీ మెత్తగా లేస్తుంది. అరవై డిగ్రీలు దీనికి కుదరదు కాబట్టి బాబుకి ఇది నేరుగా కప్పకండి, కింద పలచటి కాటన్ దుప్పటి వేసి దాని మీద కప్పండి. ఆ దుప్పటిని వారం వారం వేడినీళ్లలో వేయొచ్చు.

పక్క తడిపే పిల్లలున్న ఇంట్లో రబ్బరు షీటు, వాటర్‌ప్రూఫ్ పరుపు కవర్ తప్పకుండా ఉంటాయి. వాటిని మెషిన్ స్పిన్‌లో వేయకండి. నీళ్లు బయటికి పోవడానికి దారి లేక సంచిలా పట్టుకుంటాయి, డ్రమ్ పూర్తి వేగంలో తిరుగుతున్నప్పుడు ఆ బరువు ఒక్కసారిగా ఒక పక్కకు వెళ్తుంది. 2016లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ దాదాపు 28 లక్షల టాప్‌లోడ్ మెషిన్లను రీకాల్ చేసింది. పక్కబట్టలు, వాటర్‌ప్రూఫ్ గుడ్డలు వేగంగా స్పిన్ చేసేటప్పుడు పై భాగం ఊడి వస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ఫ్రంట్‌లోడ్ అయినా రబ్బరు షీటును చేత్తో కడిగి నీడలో వేలాడదీయడమే మంచిది.

వానాకాలంలో తప్పనిసరై తడపాల్సి వస్తే: స్పిన్ రెండుసార్లు పెట్టండి. రెండు కుర్చీల వీపుల మీద గుడారంలా వేసి, పక్క నుంచి పెడస్టల్ ఫ్యాన్ తిప్పండి, ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి. తలుపులు మూసి సీలింగ్ ఫ్యాన్ వేస్తే అదే తడిగాలి గదిలో తిరుగుతుంది, గోడలకు చెమ్మ పడుతుంది. ఏసీ ఉంటే అప్పుడు మాత్రం తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెట్టండి, అది తేమను బయటికి లాగేస్తుంది.

మా మేనకోడలు న్యూజెర్సీలో ఉంటుంది, వాళ్లమ్మ కుట్టిన బొంత తీసుకెళ్లింది. అక్కడ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలో ఏదీ ఆరేయనివ్వరు. డ్రయర్‌లో తక్కువ వేడి పెట్టి, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేయమన్నాను. అవి గుడ్డను కొడుతూ విప్పుతాయి. సగంలో ఆపి, తీసి దులిపి, తిరగేసి మళ్లీ వేస్తే లోపల కూడా ఆరుతుంది. దూది రజాయి మాత్రం అక్కడైనా డ్రయర్‌లో వేయకూడదు.

మీ దగ్గర లేదు కానీ, చదివే మరెవరి ఇంట్లోనైనా తాతల నాటి గొంగడి ఉంటుంది. అది దక్కనీ గొర్రె ఉన్ని, నేసేటప్పుడు పోగుకు చింతగింజల గంజి పెడతారు. వేడినీళ్లు, డిటర్జెంట్, తొక్కడం మూడూ దానికి పడవు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికి, రాపిడికి అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొంగడి బిగుసుకుపోతుంది. బట్టల డిటర్జెంట్లలో మరకలు పోగొట్టే ఎంజైములు ఉన్నితో సహా తినేస్తాయి. ఏడాదికోసారి నీడలో దులిపి, మరక ఉన్నచోట కుంకుడుకాయ పులుసుతో చన్నీళ్లలో అద్దితే చాలు.

దాచేటప్పుడు పూర్తిగా చల్లారాకే మడవండి. వేడి మీద మడిచి పెట్టెలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. ప్లాస్టిక్ కవర్లు వద్దు, పాత కాటన్ చీరలో మూట కట్టండి, గాలి ఆడుతుంది. నీడలో గలగలలాడేలా ఎండబెట్టిన వేపాకు వేయండి, పచ్చిది వేస్తే అదే తడి. కలరా ఉండలు మీ ఇంట్లో వాడకండి. ముఖ్యంగా నెలల పిల్లల బట్టల్లో అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఆ నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, పచ్చకామెర్లు వస్తాయి. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందు తెలియదు. ఎవరైనా ఇంట్లో బిడ్డ పుట్టాడని పెట్టెలోంచి పాత దుప్పటి తీస్తుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఈ ఆదివారం బొంతతో మొదలుపెట్టండి. రజాయి దూది విప్పే పని వచ్చే ఆదివారానికి ఉంచండి, బ్లాంకెట్ ఆ తర్వాత. పొడి బరువు ముందే రాసుకోవడం మర్చిపోవద్దు తల్లీ. సాయంత్రం నాలుగున్నరకు తూకం ఎంత వచ్చిందో రాయండి. ఇంకా తేడా ఉంటే రాత్రికి ఫ్యాన్ కింద ఎలా వేయాలో, మర్నాడు మీ బాల్కనీ గ్రిల్‌కి ఎలా కట్టుకోవాలో చెబుతాను.